చేగోడి ఊపిరి లెక్క

మొదటి రోజు

రోప్‌వేలో చేరిన దగ్గర్నుంచి నాకు పనిపుస్తకం రాయడం అలవాటు. ఏ పుల్లీకి గ్రీజు పెట్టాను, ఏ కేబుల్లో ఎన్ని పోగులు తెగాయి, ఏ డబ్బా తలుపు సరిగా పడటం లేదు, అన్నీ తేదీ వేసి రాస్తాను. ఇవాళ అదే పుస్తకాన్ని తిరగేసి, వెనకవైపు నుంచి సొంత సంగతి మొదలుపెడుతున్నాను. మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

మమ్మల్ని అంటే నన్నూ, చేగోడినీ. చేగోడి నా కుక్క. తొమ్మిదేళ్ళవాడు, బెల్లం రంగు, తోక గుండ్రంగా చుట్టుకుని నిజంగా చేగోడీలాగే ఉంటుంది. పెద్ద వరద వచ్చిన ఏడు కింది స్టేషను మునిగిపోతే, ఆగిపోయిన డబ్బాలో సీటు మీద కూర్చుని దొరికాడు, టిక్కెట్టు కొన్నవాడిలా. ఎవరిదని చాలామందిని అడిగాను. ఎవరూ మాది అనలేదు. తర్వాత నాలుగేళ్ళకి మా ఆయనా నేనూ విడిపోయినప్పుడు ఆయన కుర్చీలు, ఫ్యాన్లు పట్టుకెళ్ళాడు. నేను చేగోడిని పట్టుకున్నాను. నాకే ఎక్కువ మిగిలిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఎండ సైరను తొమ్మిదికి మోగుతుంది. అది మోగాక సాయంత్రం ఐదు దాకా విశాఖలో ఎవరూ బయట ఉండరు, ఉండలేరు. ఎప్పటిలాగే పదినిమిషాల ముందు డ్యూటీ దిగి మా మేడకు చేరాను. తలుపు దగ్గర ఇంటిపెద్ద ఆపింది. ఇంటిపెద్ద అంటే మనిషి కాదు, మేడను నడిపే యంత్రం. లోపలి గాలిని చల్లబరచడం, ఫిల్టర్లు పట్టడం, ఎవరు ఎంత ఊపిరి తీసుకున్నారో చెవిపెట్టి విని లెక్కగట్టడం దాని పని. దానికి వచ్చింది పాఠ్యపుస్తకాల తెలుగు ఒక్కటే.

"శ్రీమతి గేదెల నూకరత్నం గారికి నమస్కారము. మన మేడయందు కొత్త ఫిల్టరులు అమర్చబడుచున్నవి. అవి మిక్కిలి సున్నితమైనవి. కావున శునక నివాసము ఇకపై సాధ్యపడదు. మీకు ఇరవై అయిదు దినముల గడువు."

"నేనొక్కదాన్నే ఉండాలనుకుంటే?"

"తమకు సుస్వాగతము."

చేగోడి ఆ గొంతు వినిపించే జాలీ వైపు చూసి తోక ఊపాడు. తొమ్మిదేళ్ళుగా దాన్ని ఎవరో మర్యాదగల మనిషి అనుకుంటున్నాడు పాపం.

తలుపు పక్కన రేకు మీద ఉన్న నిబంధనను మళ్ళీ చదివాను. నగరంలో ప్రతి మేడ గుమ్మానికీ అదే రేకు ఉంటుంది. "మనిషికి ఒక గాలి వాటా. శునకమునకు రెండు. మేడవారి సమ్మతి లేనిదే శునకమునకు ప్రవేశము లేదు." కింద సంతకం: కర్రి మహాలక్ష్మి, గాలి పర్యవేక్షకురాలు. అద్దె అంతా ఆ వాటాల మీదే. మా మేడ పాతది, వాటా చవక, అందుకే ఇన్నాళ్ళూ మూడు వాటాలు కట్టుకుని బతికాం.

మూడో రోజు

తెరమీద ప్రకటన: "శునకమిత్ర గృహం. మీ నేస్తానికి ప్రత్యేక మూల." మధురవాడ కొండమీద మేడ, వాటా కూడా నాకు అందేటట్టే ఉంది. పరుగెత్తాను. చూపించడానికి వచ్చిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ ప్రత్యేక మూలకు తీసుకెళ్ళింది. గోడకి రెండు ప్లగ్గులు ఉన్నాయి.

"ఇక్కడ ఛార్జింగు పెట్టుకోవచ్చండి. రెండు మోడల్సుకీ సరిపోతాది" అంది.

నేను చేగోడి వైపు చూశాను. వాడు ప్లగ్గుని వాసన చూసి, కాలెత్తాడు.

"అయ్యబాబోయ్, ఇది నిజం కుక్కా?" అని ఆ పిల్ల గోడకి అంటుకుపోయింది. తర్వాత నవ్వింది. తను చూసినవన్నీ బ్యాటరీతో నడిచే కుక్కలేనట, నిజం కుక్కని ముట్టుకుని చూడటం అదే మొదటిసారట. చెవుల వెనక చాలాసేపు నిమిరింది. ఇల్లు మాత్రం లేదు.

ఆరో రోజు

అద్దెలు కూడా ఇంటిపెద్దలే చూసుకోవడం మొదలయ్యాక ఇళ్ళ బ్రోకర్లంతా వేరే పనులు చూసుకున్నారు. సూరప్పడు బాబాయి ఒక్కడే మానలేదు. నడిమి స్టేషను నీడలో, టీ బండి పక్క బల్ల మీద, నల్ల గొడుగు వేసుకుని కూర్చుంటాడు. పదిహేనేళ్ళుగా నేను ఆయన నెత్తిమీద పుల్లీలకే గ్రీజు పెడుతున్నాను. గొడుగు వాడేది ఆ గ్రీజు చుక్కల కోసమేనని ఇవాళే చెప్పాడు.

నా సంగతంతా విని, చేగోడిని ఎగాదిగా చూశాడు.

"పాపా, దీన్ని మేకని రాయించెద్దుమేటి?"

"ఏటి బాబాయ్?"

"పాడి జంతువులకి అరవాటాయే. పాత రూలు, ఎవుడూ తియ్యనేదు. మేక అంటే ఇంటిపెద్ద నోరు మూసుకుని రానిస్తాది. దానికి కళ్ళు సరిగా అవుపడవు, సెవులే ఉన్నాయి."

"మరి మొరిగితే?"

"మొరగొద్దని సెప్పు" అన్నాడు, అది చాలా మామూలు సంగతి అన్నట్టు.

నాకు నవ్వొచ్చింది. కానీ పంతొమ్మిది రోజులే మిగిలాయి. సరేనన్నాను.

తొమ్మిదో రోజు

మేక ప్రయత్నం జరిగింది. అది ఎలా పోయిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

సింహాచలం వైపు మేడ. సూరప్పడు బాబాయి ముందు నడిచి, "గేదెల నూకరత్నం, ఒక మనిషి, ఒక మేక" అని గట్టిగా చెప్పాడు. చేగోడి మెడలో చిన్న గంట కూడా కట్టాడు.

"సంతోషము," అంది ఆ ఇంటిపెద్ద. "మేక దినమునకు ఎన్ని లీటర్ల పాలు ఇచ్చును?"

బాబాయి తడుముకోలేదు. "లీటరున్నర."

"మేక పేరు?"

"చేగోడి" అని అలవాటుకొద్దీ నేనే అనేశాను.

పేరు వినగానే వాడు నన్ను పిలిచావా అన్నట్టు రెండుసార్లు మొరిగాడు.

కాస్త ఆగి ఇంటిపెద్ద, "ఈ మేకకు వైద్య సహాయము అవసరమైనట్లున్నది" అంది.

బయటికి వచ్చాక ఇద్దరం మెట్లమీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. టీ డబ్బులు బాబాయే ఇచ్చాడు. ఆ గంట చేగోడికి నచ్చింది, తియ్యనివ్వలేదు.

పదకొండో రోజు

మూడు మేడలు. మూడుసార్లు కుదరదు. నాలుగోది కుదురుతుందంది గానీ, చేగోడి రెండు వాటాల అద్దె నా జీతం దాటింది. నా అరికాళ్ళు వాచాయి. వాడివి కూడా.

పద్నాలుగో రోజు

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మా సెక్షన్లోనే ఒక కొత్త మేడవాళ్ళు రోప్‌వే మెకానిక్కులకి గది దాదాపు ఊరికే ఇస్తామన్నారు. కిటికీలోంచి సముద్రం, గోడల్లోంచి చల్లగాలి. కుక్కకి మాత్రం వీల్లేదు. అనకాపల్లి దాటాక కుక్కల వసతి ఒకటుందని, బాగా చూసుకుంటారని, వారానికోసారి వెళ్ళి చూడొచ్చని చెప్పారు. సెలవు పెట్టి చేగోడిని తీసుకుని వెళ్ళాను.

చెడ్డ చోటు అని రాయలేను. పొడుగాటి చల్లని షెడ్డు, శుభ్రమైన నీళ్ళు, వేళకి తిండి. నడిపేది సన్యాసమ్మ అని ఒకావిడ. ప్రతి కుక్కనీ పేరుపెట్టి పిలుస్తోంది. చేగోడి అందరినీ వాసన చూసి, అందరిచేతా చూపించుకుని, కాసేపు ఆడాడు కూడా. మనసులో సంతకం పెట్టేశాను.

అప్పుడు గేటు దగ్గర నేల కనపడింది. షెడ్డంతా గరుకు సిమెంటు. గేటు లోపలివైపు మాత్రం ఒక బారు మేర నున్నగా అరిగి, కాస్త గుంటపడి ఉంది.

"ఇక్కడెందుకమ్మా ఇలాగైంది?" అని అడిగాను.

"అక్కడే పడుకుంటాయమ్మా" అంది సన్యాసమ్మ. "ఇంత సోటుంది, పరుపులేసినాం. అయినా ఆడే."

వెనక్కి తిరిగి చూస్తే చేగోడి అప్పుడే అక్కడికి వెళ్ళి, గేటు సందులో ముక్కు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. నేను వదిలి వెళ్ళిపోయాననుకున్నాడు కాబోలు, లోపలే ఉన్నానన్న సంగతి వాడికి తెలియదు.

సంతకం పెట్టలేదు. సన్యాసమ్మ గేటు తీసింది. తిరుగు బండిలో వాడు నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయాడు. నేను దారి పొడుగునా ఏడ్చాను. పక్క సీటాయన జేబురుమాలు ఇచ్చి, దిగేటప్పుడు తిరిగి అడగలేదు.

పదహారో రోజు

"ఒక గదుంది పాపా" అన్నాడు సూరప్పడు బాబాయి, గొడుగు పక్కన పెట్టి. "యారాడ కొండ మీద గవ్వల మేడలో. ఆరేళ్ళై ఖాళీ. అద్దె మరీ తక్కువ. కాపోతే ఆ గది యజమానురాలితోటే..."

"కుక్కలంటే పడదా?"

"మనుసులంటేనే పడదు. నేను గుమ్మం దాకా రాను. నన్నోసారి తరిమీసింది."

పొద్దున్న డ్యూటీ దిగి, నేనూ చేగోడీ చివరి డబ్బాలో యారాడ ఎక్కాం. కింద ఓడరేవు కాలవ మెరుస్తోంది. గవ్వల మేడ పాతది, చిన్నది, సముద్రపు గాలికి గోడలు పొరలు లేచాయి. గుమ్మం దగ్గర మామూలు రేకే. కుక్కకి రెండు వాటాలు, కర్రి మహాలక్ష్మి. కింది అంతస్తులో ఆ గది యజమానురాలి ఇంటి తలుపు దగ్గరికి వెళ్ళాను. తలుపు మీద పేరుపలక చూసి ఆగిపోయాను.

కర్రి మహాలక్ష్మి.

చేగోడి తాడు పట్టుకుని వెనక్కి తిరిగాను. తలుపు తెరుచుకుంది. డెబ్భై దాటిన ఆవిడ, పొట్టిగా, తెల్ల జుట్టు బిగించి ముడి వేసుకుని, ఒక చేతిలో కూరల కత్తితో నిలబడి ఉంది.

"వెళ్ళిపోతున్నావేం?"

"రేకు మీద పేరు మీదేనా అండీ?"

"నాదే."

"అయితే మీకూ మాకూ కుదరదు లెండి."

"రెండు వాటాలు ఎందుకో అడగవా?"

"అడిగితే తగ్గిస్తారేటి?" నాకు కోపం వచ్చేసింది. పదహారు రోజుల కోపం.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. అంతలో కొండ కిందనుంచి ఎండ సైరను మోగింది.

"ఇంక సాయంత్రం దాకా ఎక్కడికీ పోలేవు. లోపలికి రా అమ్మాయ్. ఆ జంతువుని కూడా తీసుకురా. పూటకి రానివ్వడానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు, ఆ వెసులుబాటు కూడా నేను రాసిందే."

అలా ఎనిమిది గంటలు ఆవిడ ఇంట్లో ఉండిపోయాం. పప్పు, వంకాయ కూర, చారు పెట్టింది. చేగోడికి ఉడికించిన చిలగడదుంప పెట్టి, తిన్నంతసేపూ కళ్ళు తిప్పకుండా చూసింది. వాడు చల్ల గచ్చుమీద పక్కకి ఒరిగి నిద్రపోయాక, గడియారం చేత్తో పట్టుకుని వాడి పక్కన నేలమీద కూర్చుంది.

"నిమిషానికి ఇరవై నాలుగు" అంది. "నీది పదిహేను. ఒకటిన్నర దాటింది కాబట్టి రెండు వాటాలు. ఊపిర్లు లెక్కపెట్టాం అమ్మాయ్. ఒక్కో ఊపిరి ఎంతో కొలవలేదు. ఇంటిపెద్దకి చెవులు పెట్టాం, చెవులకి వినపడేది అంతే. అప్పుడు తొందరలో ఉన్నాం."

"వీడి ఊపిరితిత్తులు ఇంతే కదండీ" అని నా గుప్పిలి చూపించాను. "నాకు తెలిసిన సంగతి మీకు తెలీదా?"

"తెలుసు" అంది.

వెళ్ళేముందు గది చూపించింది. చిన్నదే. కిటికీ మాత్రం పెద్దది.

"గది ఇవ్వడం నా చేతిలో ఉంది. కుక్కని రానివ్వడం, దాని వాటా తగ్గించడం మేడవాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకి అంకెలు కావాలి. రేపట్నుంచి డ్యూటీ అవగానే ఇద్దరూ ఇక్కడికి రండి. కొలుద్దాం."

పదిహేడో రోజు

కొలత మొదలు. సామాన్ల గదిలో సందులన్నీ మైనంతో మూసింది. చెడిపోయిన గాలి ఎంతో చెప్పే పాత మీటరు ఒకటి, ఆవిడ ఉద్యోగం నాటిది, గోడకి తగిలించింది. ముందు నేనొక్కదాన్నే గంటసేపు. ఊరికే కూర్చోమంది. గంటసేపు ఊరికే కూర్చోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

తర్వాత చేగోడి ఒక్కడే. తలుపు వేసిన అర నిమిషానికి ఏడుపు. ఏడుపుకి ఊపిరి పెరుగుతుంది కాబట్టి లెక్క చెల్లదంది మహాలక్ష్మమ్మగారు. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఏడుపు.

"ఇద్దరూ కలిసి కూర్చోండి. నీ వాటా తీసేస్తే మిగిలింది వాడిది" అంది విసుగ్గా. కూర్చున్నాం. వాడు వెంటనే నిద్రపోయాడు. నేనూ నిద్రపోయాను. అందువల్ల నా అంకె మారిపోయిందని మళ్ళీ మొదటినుంచి కొలవాల్సి వచ్చింది.

పంతొమ్మిదో రోజు

ఇవాళ బొచ్చు సంగతి. ఊపిరితో పని అయిపోదు, ఫిల్టర్లని మూసేది బొచ్చేనని అందరి భయం. పొద్దున్న రాగానే మేడ బయట చేగోడిని దువ్వి, ఆ బొచ్చు డబ్బాలో వెయ్యాలి. సాయంత్రం గది ఫిల్టరు తీసి, అంటుకున్నదంతా ఏరి తూకం వెయ్యాలి.

మహాలక్ష్మమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుని, పట్టుకారుతో ఒక్కో వెంట్రుకా వేరు చేసింది. చాలాసేపటికి తలెత్తింది.

"అమ్మాయ్, ఇందులో సగం నీ జుట్టు."

"అయ్యో."

"పావు నాది. మిగతాదే దానిది."

ఆవిడ నవ్వడం ఇదే మొదటిసారి చూశాను. ఒక్కసారి మొదలయ్యాక ఆపుకోలేకపోయింది. చేగోడి కంగారుపడి ఆవిడ చెయ్యి నాకాడు. కడుక్కోవడానికి లేచి, మళ్ళీ కూర్చుండిపోయింది.

ఇరవై రెండో రోజు

అంకెలు తేలాయి. రోజూ బయట దువ్వితే, చేగోడికి అరవాటా, ఆపైన చిటికెడు. నేను ఎగిరి గంతేశాను. ఆవిడ గంతెయ్యలేదు. లోపలికి వెళ్ళి బట్టలో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

పిడికిలంత బేరింగు. తిప్పి చూశాను. లోపలి గుండ్లు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ఉక్కు నీలంగా కాలింది. ఇలాంటివి నా చేతుల మీదుగా ఎన్నో పోయాయి.

"గ్రీజు లేక ఎండిపోయి పట్టేసిందండీ. ఎక్కడిది?"

"ముప్పై ఏళ్ళ కిందటి మేడది."

అప్పుడు చెప్పింది. మొదటి పెద్ద వేసవిలో ఒక మేడలో గాలి యంత్రం ఆగిపోయింది. తలుపులు తియ్యడం ఆలస్యమై పదకొండుమంది చనిపోయారు. ఫిల్టర్లో కుక్కబొచ్చు ఉండకట్టి కనిపించింది. ఊరంతా భయంతో ఊగిపోతోంది, ఏదో ఒకటి చెప్పాలి. విచారణ ఆవిడ చేతిలో ఉంది. రెండు రోజుల్లో నిబంధన రాసింది. ఆ వారంలోనే కుక్కల్ని పడవల్లో ఊరు దాటించారు.

"ఆరు నెలల తర్వాత యంత్రం విప్పినప్పుడు ఇది బయటపడింది. ముందు ఆగింది మోటారు. గాలి నిలిచిపోయాకే బొచ్చు ఉండకట్టింది. ఎవరికి చెప్పినా, ఇప్పుడెందుకు, ఊరు కుదుటపడింది కదా అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇదొక్కటీ దాచిపెట్టాను."

ఆవిడ మీద కోప్పడాలో, ఓదార్చాలో తెలియలేదు. గేటు దగ్గర అరిగిన నేల గుర్తొచ్చింది. దాని గురించి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ వింటూ చేగోడి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఎల్లుండి మేడ సభ" అంది. "అంకెలు నువ్వు చెప్పు. ఇది నేను చెబుతాను."

ఇరవై నాలుగో రోజు

రేపటికి గడువు అయిపోతుంది. పొద్దున్నే సభ. నలభై ఒక్క ఇళ్ళు, ఇరవై ఒక్క ఓట్లు కావాలి. ఓట్లు తీసుకునేది ఇంటిపెద్ద. సూరప్పడు బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ఎవరూ తరమకుండా వెనక వరసలో దాక్కున్నాడు.

నేను అంకెలు చదివాను. నా జుట్టు సంగతికి అందరూ నవ్వారు. ఒకాయన, "అయితే ముందు నీకు గుండు సేయించాల" అన్నాడు. ఈ పని అయిపోయినట్టే అనుకున్నాను.

మూడో వరసలోంచి ఒకాయన లేచాడు. బలివాడ ధనుంజయ, చేపల వలలు అల్లే కార్ఖానా నడుపుతాడు. యాభై ఏళ్ళుంటాయి. గొంతు పెంచలేదు.

"అంకెలు బాగున్నాయమ్మా. కానీ ఆ వేసంగిలో పోయిన పదకొండుమందిలో మా నాన్న ఒకడు. కుక్కబొచ్చు వల్ల పోయాడు. నేనెలా చెయ్యెత్తేది?"

మహాలక్ష్మమ్మగారు బట్ట విప్పి బేరింగు బల్లమీద పెట్టింది. నాకు చెప్పినదంతా, ఒక్క ముక్క తగ్గించకుండా, ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"మీకు తెలిసి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడాయన.

"ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు."

"ఈ మేడలో నా గది కిందే ఉంటారు మీరు. రోజూ మెట్లమీద కనబడతారు."

"అవును."

"ఒక్కసారి సెప్పాలనిపించనేదా?"

"రోజూ అనిపించింది. చెప్పలేదు. తప్పు నాది."

ఆయన బేరింగు చేతిలోకి తీసుకున్నాడు, చూశాడు, పెట్టేశాడు. బయటికి నడిచాడు.

"ఓట్ల సమయము" అంది ఇంటిపెద్ద. చేతులు లేచాయి. "అనుకూలము ఇరవై. ప్రతికూలము పందొమ్మిది. రాని ఓట్లు రెండు. సైరను మోగువరకు సభ తెరిచియుండును."

రెండింటిలో ఒకటి మహాలక్ష్మమ్మగారిదే. చెయ్యెత్తమని నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. "నా సంతకం మీద నేను ఓటెయ్యకూడదు" అంది. అంత మొండి మనిషి. నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాం. చేగోడి నా కాళ్ళ దగ్గర గురకపెట్టాడు. వెనక వరసలో బాబాయి వేళ్ళు విరుచుకుంటున్న చప్పుడు ముందుదాకా వినిపించింది.

సైరనుకి మూడు నిమిషాల ముందు ధనుంజయ తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెయ్యెత్తాడు.

"కుక్కకి ఏస్తన్నాను" అన్నాడు. "ఈవిడికి కాదు."

"అది న్యాయం" అంది మహాలక్ష్మమ్మగారు.

"అనుకూలము ఇరవై ఒకటి. శునకము చేగోడికి అరవాటాతో స్వాగతము" అంది ఇంటిపెద్ద. పేరు విని చేగోడి లేచి రెండుసార్లు మొరిగాడు. ఈసారి వైద్యం అవసరమని ఎవరూ అనలేదు.

ఇరవై అయిదో రోజు

సామాను చేరింది. సరుకుల డబ్బాలో మూడు విడతలు. మంచం, రెండు గిన్నెల మూటలు, ఒక కుట్టుమిషను, చేగోడి. సూరప్పడు బాబాయి కమీషను తీసుకోనన్నాడు. తీసుకోకపోతే పుల్లీకి గ్రీజు ఎక్కువ పెడతానన్నాను, తీసుకున్నాడు.

సాయంత్రం మెట్లమీద ధనుంజయ ఎదురయ్యాడు. ఆ బేరింగు ఫలానా కొలతదేనా, గ్రీజు ఎన్నాళ్ళకి పెట్టాలి, ఈ మేడ మోటారుకి ఎవరు పెడుతున్నారు అని అడిగాడు. నేనే చూస్తానన్నాను. చూపించమన్నాడు. ఇద్దరం వెళ్ళి మోటారు గది తెరిపించి చూశాం. బాగానే ఉంది. అయినా పెట్టాను. ఆయన దీపం పట్టుకున్నాడు. మహాలక్ష్మమ్మగారి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ముప్పయ్యో రోజు

పొద్దున్న దువ్వెన పట్టుకుని బయటికి వస్తే మెట్ల కింద ఎవరో నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన, చేతిలో మూతవేసిన కూరగాయల బుట్ట. బుట్ట ఊగుతోంది.

"గవ్వల మేడ ఇదేనామ్మా? అరవాటా మేడ?" అన్నాడు మెల్లగా. మూత కాస్త ఎత్తాడు. లోపల్నుంచి నల్లటి ముక్కు ఒకటి బయటికి వచ్చింది. ఏడేళ్ళుగా ఇంట్లో ఎవరికీ తెలియకుండా పెంచుతున్నాడట. మొరగకుండా నేర్పానని గర్వంగా చెప్పాడు.

ఆయన వెనక ఇంకొకావిడ, దుప్పటిలో చుట్టిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. బిడ్డకి తోక ఉంది. ఆవిడ వెనక కుట్టుమిషను పెట్టెతో ఒక జంట. మలుపు దాటి ఇంకా వస్తున్నారు. లెక్కపెడితే పదకొండుమంది. వాళ్ళ మేడల్లో కూడా కొలిపించి, సభ పెట్టించుకోవాలట. ఎలా చెయ్యాలో చెప్పమని వచ్చారు.

అన్ని వాసనలు ఒక్కసారి తగిలేసరికి చేగోడి పిచ్చెత్తినట్టు గుండ్రంగా తిరిగాడు. అది చూసి బుట్టలోది మొరిగింది. ఏడేళ్ళలో మొదటిసారి. ముసలాయన భయంతో మూత వెయ్యబోయాడు. వేసే లోపు దుప్పట్లోది, పెట్టెలోది అందుకున్నాయి. కొండమీద అన్నీ కలిసి మొరగడం మొదలుపెట్టాయి. పై అంతస్తుల్లో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తిట్టడానికేనేమో అనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఊరికే నిలబడి వింటున్నారు. ధనుంజయ కిటికీ కూడా తెరిచే ఉంది.

మహాలక్ష్మమ్మగారు తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఒక చంకలో మీటరు, ఇంకో చంకలో త్రాసు, ముడి సగం ఊడిపోయి ఉంది. అందర్నీ ఒక్కసారి చూసి, కళ్ళద్దాలు సర్దుకుంది.

"వరసలో నిలబడండి" అని కేకేసింది. "సైరనుకి ఇంకా రెండు గంటలే ఉంది. ముందు దువ్వినవాళ్ళని ముందు తూస్తాను. ఏయ్ అమ్మాయ్, చూస్తావేం, ఆ బుట్టాయనకి దువ్వెనివ్వు!"

ఇచ్చాను.